బొట్టు పెట్టిన బ్లేడ్లు

కంప్యూటర్ గదుల్లో కొత్తగా ఉద్యోగాల్లో చేరిన పిల్లలు అప్పుడప్పుడు నన్ను అడుగుతుంటారు, "ఆంటీ, మీ రోజుల్లో సర్వర్లు ఆగిపోతే ఏం చేసేవాళ్ళు?" అని. కంగారుపడేవాళ్ళం అని చెబుతాను. మీరూ అదే చేస్తారు, కాకపోతే మీరు ఇంగ్లీషులో కంగారుపడతారు. ఇది తమాషాకి అనే మాట. తమాషా కాని సంగతి ఒకటుంది. దాన్ని మొదలుపెట్టగానే వినేవాళ్ళు నవ్వుతారు, అందుకని సగంలోనే ఆపేస్తుంటాను. నవ్వదగ్గదే. మీరూ ముందు నవ్వేయండి, ఆ తర్వాత మిగతాది వినండి.

నాది నందిగామ. తొంభైల మొదట్లో జగ్గయ్యపేట దగ్గర ఒక సిమెంటు ఫ్యాక్టరీలో టైపిస్టుగా చేరాను. వాళ్ళు ఒక కంప్యూటర్ కొని, దాని ముందు కూర్చోవడానికి ఎవరూ ధైర్యం చేయకపోతే, టైపు వచ్చు కదా అని నన్ను కూర్చోబెట్టారు. అలా కూర్చున్నదాన్ని రిటైరయ్యేదాకా లేవలేదు. పొద్దున నందిగామలో బస్సెక్కడం, చిల్లకల్లులో దిగడం, అక్కడ ఫ్యాక్టరీ బస్సు పట్టుకోవడం. ఆ బస్సు తప్పిపోతే సున్నపురాయి లారీ డ్రైవర్లు ఎక్కించుకునేవారు. ఆఫీసులో అడుగుపెట్టేసరికి చీర మీద సన్నటి బూడిద రంగు పొడి పడి ఉండేది. సిమెంటు ఊళ్ళో అందరం ఒకటే రంగు.

ఆ మొదటి కంప్యూటర్‌కి కరెంటు ఇచ్చినవారు ఎలక్ట్రికల్ ఫోర్‌మన్ గారు. జగ్గయ్యపేట మనిషి. నాకంటే పదిహేనేళ్ళు పెద్ద, బాబాయి గారూ అని పిలిచేదాన్ని. ఆయన మొదటిరోజే వచ్చి, గోడ దగ్గర గొంతుక్కూర్చుని, ప్లగ్గులో టెస్టర్ పెట్టి చూసి, "నా కరెంటు దీనికి పడుద్దో లేదోనమ్మా. సుకుమారం పిల్లలాగుంది" అన్నారు. ఆయన ఎప్పుడూ కరెంటు అనరు, నా కరెంటు అంటారు. పైనుంచి వచ్చేది ఎలా ఉన్నా, తన ప్యానెల్ దాటి వచ్చేది మాత్రం తన మర్యాదకి సంబంధించిన విషయం. ఊళ్ళో దీపాలు గుడ్డివెలుగులో ఊగుతున్నప్పుడు కూడా మా గదిలో బల్బు స్థిరంగా ఉండేది. ఎవరైనా మెచ్చుకుంటే ఊరుకునేవారు కాదు, ఇంకాస్త మెచ్చుకునేదాకా అక్కడే నిలబడేవారు.

ఫ్యాక్టరీకి గుండెకాయ కిల్న్. సున్నపురాయి కాలే పెద్ద ఇనప గొట్టం, నిండా మంటతో పడుకుని మెల్లగా తిరుగుతుంటుంది. మా మొదటి కిల్న్ మొట్టమొదట కదిలిన రోజున స్విచ్ వేసింది ఫోర్‌మన్ గారే. అప్పటికి నేను చేరలేదు. కానీ ఆ రోజు సంగతి ఆయన నోట ఎన్నిసార్లు విన్నానో! ఎవరెవరు ఎక్కడ నిలబడ్డారో, కొబ్బరికాయ ఎన్ని చెక్కలైందో, గొట్టం ఎలా మూలిగిందో అన్నీ నాకు చూసినంత బాగా తెలుసు.

రెండు వేల ఎనిమిదో తొమ్మిదో. సరిగ్గా గుర్తులేదు. రెండో కిల్న్ కడుతున్నారు. దానికి కేబుళ్ళన్నీ ఫోర్‌మన్ గారే వేయిస్తున్నారు. చిక్కేమిటంటే, మా దగ్గర యాభై ఎనిమిదికి రిటైర్మెంటు. ఆయనకి ఆ ఏడాది ఆఖరుకి నిండుతాయి. కిల్న్ మాత్రం వేసవికి గానీ పూర్తికాదు. జనరల్ మేనేజర్ గారిని అడిగితే, "పెద్దాయనా, మీరు లేకుండా ఎలా తిప్పుతాం? ఎక్స్‌టెన్షన్ ఇద్దాం, దసరా వెళ్ళాక రాయించుకొస్తాను" అన్నారట. అప్పటినుంచి ఫోర్‌మన్ గారి నడకే మారిపోయింది. "ఒకటి తిప్పా, రెండోది కూడా తిప్పి ఇంటికి పోతానమ్మా. ఆ తర్వాత మీరు ఉండమన్నా ఉండను" అనేవారు. ఉద్యోగం మొత్తంలో ఆయన కోరుకున్నది అదొక్కటే.

అదే ఏడాది మా గదికి బ్లేడ్ సర్వర్లు వచ్చాయి. మీకు ఇవి పాతచింతకాయ పచ్చడి, మాకు మాత్రం కొత్త పెళ్ళికూతురు. పెద్ద ఇనప పెట్టె, అందులో అరలు, ఒక్కో అరలో సన్నగా పలకలాంటి కంప్యూటర్. దాన్నే బ్లేడ్ అంటారు. ఒక్కో బ్లేడ్‌ని లోపల మళ్ళీ భాగాలు చేసి, ఒక్కో భాగానికి ఒక్కో పని అప్పజెప్పారు. లారీలు తూచే కాటా, పంపిణీ చీటీలు ఒక బ్లేడ్ మీద. కార్మికుల హాజరు, జీతాలు ఇంకో బ్లేడ్ మీద. నందిగామలో ఉన్న మా గోడౌన్ బిల్లులు మరో దాని మీద. హైదరాబాదు నుంచి వచ్చిన ఇంజనీరు అన్నీ అమర్చి, నాకు కనెక్షన్ ప్రొఫైళ్ళు అప్పగించి వెళ్ళాడు.

ప్రొఫైల్ అంటే పెద్ద బ్రహ్మవిద్య కాదు. ఈ అరలో కూర్చున్నదాని పేరు ఇది, చిరునామా ఇది, ఇది ఫలానా లైన్లతోనే మాట్లాడాలి అని రాసిపెట్టిన ఏర్పాటు. ముఖ్యమైన సంగతి, అది అరకి సంబంధించింది, బ్లేడ్‌కి కాదు. మండలాఫీసులో ఎమ్మార్వో కుర్చీ ఉంటుంది చూడండి, అలాంటిది. ఎవరు వచ్చి కూర్చుంటే వాళ్ళే ఎమ్మార్వో. ఒక బ్లేడ్ చెడిపోతే తీసేసి కొత్తది పెట్టుకోవచ్చు, బయట ఉన్న లైన్లకి తేడా తెలియదు. ఇది గొప్ప సుఖం అని ఇంజనీరు నాకు చెప్పాడు. ఆ సుఖంలోనే మా కష్టం ఉందని అతనికీ తోచలేదు, నాకూ తోచలేదు.

దసరాకి ఫ్యాక్టరీలో ఆయుధ పూజ. కిల్న్‌ని ఆపలేం కాబట్టి దానికి దూరం నుంచే దండ, దండం. మిగతా మిషన్లన్నీ ఒక పూట ఆపి, తుడిచి, పసుపు కుంకుమ పెట్టి, గుమ్మడికాయ కొట్టేవాళ్ళు. కంప్యూటర్ గదిలో పూజ మొదటి ఏడాది నుంచీ ఫోర్‌మన్ గారిదే. వేదాద్రి నరసింహస్వామి కుంకుమ పొట్లం దానికోసం విడిగా తెచ్చేవారు. పాత కంప్యూటర్లకి ఆయనే పక్క రేకు ఊడదీసి, లోపల చేరిన సిమెంటు పొడి ఊది, తుడిచి, బొట్టు పెట్టి బిగించేవారు. ఏళ్ళ తరబడి అలా చేశారు, ఏ ఒక్కదానికీ ఏమీ కాలేదు. పైగా పండగ తర్వాత అవి ఇంకాస్త చురుగ్గా పనిచేసేవని నా నమ్మకం. దుమ్ము పోయింది కదా, అందుకేనని మీరంటారు. అనుకోండి.

ఆ ఏడు కూడా ఆయన కోసం సర్వర్లన్నీ ఆపేశాను. అంతలో మెయిన్ ఆఫీసులో పెద్దపూజకి స్టాఫ్ అందరినీ రమ్మన్నారు. నేను వెళ్ళి హారతి తీసుకుని, శనగల ప్రసాదం పట్టుకుని తిరిగొచ్చేసరికి గది ఘుమఘుమలాడుతోంది. ఇనప పెట్టెకి బంతిపూల దండ. ప్రతి బ్లేడ్ ముఖాన చక్కగా పసుపు, దాని మీద కుంకుమ బొట్టు. పేరంటాళ్ళు వరసగా కూర్చున్నట్టు ఉంది.

"ఎట్టా ఉందమ్మా?" అన్నారు ఫోర్‌మన్ గారు.

"ముత్తైదువుల్లా ఉన్నాయి బాబాయి గారూ."

ఆయన కడుపు నిండిపోయింది. నేను సర్వర్లన్నీ వేశాను. తెరమీద అన్నీ పచ్చదీపాలే. పండగ పూట కాటా లేదు, హాజరు లేదు, ఎవరికీ ఏ పనీ లేదు. శుభమని ఇంటికి వెళ్ళిపోయాను.

మర్నాడు నేను వచ్చేసరికి గేటు దగ్గర మనుషులు, కాటా దగ్గర లారీలు. కార్మికులు కార్డు పెడితే మిషన్ ఉలుకూ పలుకూ లేదు. లారీ కాటా ఎక్కితే బరువు కనిపిస్తోంది కానీ చీటీ రావడం లేదు. చీటీ లేనిదే లారీ కదలదు. పండగ వెళ్ళిన మర్నాడు కదా, సరుకు కోసం వచ్చిన లారీలన్నీ ఒకేసారి వచ్చిపడ్డాయి. వరస పెరిగి పెరిగి హైవే దిక్కుగా పాకుతోంది. నందిగామ గోడౌన్ ఒక్కటే సవ్యంగా నడుస్తోంది.

హైదరాబాదు ఇంజనీరుకి ఫోన్ చేశాను. "మేడమ్, ప్రొఫైల్స్ ఒకసారి చూడండి" అన్నాడు. చూశాను. అన్నీ బాగానే ఉన్నాయి. ప్రతి అరకీ ప్రొఫైల్ ఉంది, ప్రతి ప్రొఫైలూ పచ్చగా ఉంది. బాగాలేనిది ఏదైనా ఉంటే బాగుచేయొచ్చు. అన్నీ బాగుండి పని జరగకపోతే ఏం చేస్తారు? నేనూ అతనూ ఫోన్‌లో ఆలోచించుకుని, ప్రొఫైళ్ళు పాడై ఉంటాయనుకుని, ఒక్కొక్కటే తీసేసి మళ్ళీ కొత్తగా రాయడం మొదలుపెట్టాం. గంటలు గడిచే కొద్దీ ఏది ముందుదో ఏది తర్వాతదో నాకే అంతుపట్టకుండా పోయింది. మధ్యాహ్నానికి, అప్పటిదాకా సవ్యంగా నడుస్తున్న నందిగామ గోడౌన్ కూడా ఆగిపోయింది. లేని గోడ దూకబోయి కాలు విరగ్గొట్టుకున్నట్టయింది నా పని.

గోడౌన్ మేనేజర్ ఫోన్ చేసి, "ఏంటండీ మేడమ్, మావాడు బాగానే ఉన్నాడుగా, వాణ్ణెందుకు కదిలించారు?" అన్నాడు.

అప్పుడు వచ్చారు ఫోర్‌మన్ గారు. లారీలవాళ్ళు కరెంటు పోయిందని గోల చేస్తుంటే, ఆ మాట పడక, తన లైను చూసుకుందామని వచ్చారు. మీటర్ పెట్టి చూసి, "నా కరెంటు బంగారంలాగుంది. ఇంకేందమ్మా దీని రోగం?" అన్నారు. నా కళ్ళలో నీళ్ళు చూసి కుర్చీ లాక్కుని కూర్చున్నారు.

"తెలియట్లేదు బాబాయి గారూ. పండగ ముందు దాకా బాగానే ఉన్నాయి."

"నిన్న కూడా బాగానే ఉన్నయ్ గదా. ఒక్కోటి బయటికి లాగి ఎంత శుభ్రంగా తుడిచాననుకున్నావ్. ఎంత సిమెంటుందో లోపల, నువ్వు చూస్తే బిత్తరపోతావ్."

"బయటికి తీశారా?"

"తియ్యకుండా తుడిచేదెట్టా?"

"తీసినవాటిని దేని అరలో దాన్నే పెట్టారా?"

ఆయన నా వైపు వింతగా చూశారు. "అన్నీ ఒక్కటే గదమ్మా. ఒకే రకం మోటార్లు నాలుగున్నయ్యనుకో, ఏది ఎక్కడ బిగిస్తే ఏంది? తిరిగేది ఎక్కడైనా తిరుగుద్ది."

ఇందులో ఆయన్ని తప్పు పట్టేందుకేముంది? ముప్ఫై ఏళ్ళు ఆయన బతుకు ఆ సూత్రం మీదే నడిచింది. మోటారు తన పేరు తన రేకు మీదే రాసుకుని పుడుతుంది, ఎక్కడికి వెళ్ళినా అదే మోటారు. ఈ బ్లేడ్లకి మాత్రం పేరు అరలో ఉంది, పని నేర్చుకున్న బుర్ర తమలో ఉంది. కాటా పని తెలిసినవాడు వెళ్ళి హాజరు కుర్చీలో కూర్చున్నాడు. హాజరు చూసేవాడు కాటా కుర్చీలో కూర్చున్నాడు. నందిగామవాడు ఒక్కడే అదృష్టం కొద్దీ తన కుర్చీలోకే తిరిగొచ్చాడు. కుర్చీలన్నీ నిండి ఉన్నాయి కాబట్టి తెరమీద అన్నీ పచ్చదీపాలే. ఆ చిన్న ముడిని విప్పబోయి, పొద్దుట్నుంచి నేను కుర్చీల పేర్లు కూడా మార్చిపారేశాను.

నేను విషయం చెప్పాను. ఆయన చాలాసేపు ఆ బొట్ల వైపు చూస్తూ ఉండిపోయారు. "అయితే నా చేతిదేనా అమ్మా ఇదంతా?" అన్నారు చివరికి. కాదని చెప్పాలనిపించింది. "మనిద్దరిదీ" అన్నాను.

ఇంజనీరు కారేసుకుని వచ్చాడు. బ్లేడ్లన్నీ బయటికి లాగి, వాటి వెనకున్న నంబర్లు తన దగ్గరున్న వాటితో పోల్చి, దేని అరలో దాన్ని పెట్టి, నేను చెరిపినవన్నీ మళ్ళీ రాశాడు. పొద్దుగుంకే వేళకి మొదటి లారీ కాటా దిగింది.

ఇక రిపోర్టు రాయాలి. స్టోర్స్ ఆఫీసర్ మా గదికి వచ్చి తలుపు వేసి, "మేడమ్, వోల్టేజీ హెచ్చుతగ్గులని రాసేయండి. ఈ జిల్లాలో దాన్ని కాదనేవాడు లేడు. పెద్దాయన ఎక్స్‌టెన్షన్ ఫైలు ఈ వారమే కదులుతోంది" అన్నాడు. మంచి మనసుతోనే చెప్పాడు. నాకూ అదే దారి అనిపించింది. వెళ్ళి ఫోర్‌మన్ గారికి చెప్పాను. ఆయన ప్యానెల్ బోర్డు ముందు నిలబడి ఉన్నారు.

"వద్దమ్మా. కరెంటు మీద రాయబాక."

"మీకోసమే కదా బాబాయి గారూ."

"నాకోసమే అయితే అసలే రాయబాక. ముప్ఫై ఏళ్ళనుంచి నా లైను మీద ఒక్క మాట పడలేదు. పోయేముందు ఇప్పుడు పడాలా? చెయ్యి నాది, చెయ్యి మీద రాయి."

జరిగింది జరిగినట్టు రాశాను. మర్నాడు జీఎం గారు ఇద్దరినీ పిలిచారు. ఆయన కోపం తెచ్చుకునే మనిషి కాదు. కోపం తెచ్చుకునుంటే బాగుండేది, కోపం నాలుగు రోజులకి చల్లారుతుంది.

"నేనే తీశానండి," అన్నారు ఫోర్‌మన్ గారు, అడక్కముందే.

"సార్, బ్లేడ్లన్నీ చూడ్డానికి ఒకేలా ఉంటాయి. వాటిమీద అరల నంబర్లు అంటించి ఉంటే ఇది జరిగేది కాదు. అంటించాల్సింది నేను," అన్నాను నేను.

"అవునమ్మా, దానికి మీకు మెమో ఇస్తాను," అన్నారు జీఎం గారు. తర్వాత ఫోర్‌మన్ గారి వైపు తిరిగి, చాలా మెత్తగా, "పెద్దాయనా, మీ పని మీద నాకు అనుమానం లేదు. కానీ కొత్త యూనిట్లో అంతా ఇలాంటి కంప్యూటర్లే. తెరిచి చూసే అలవాటున్న చేతుల్ని దాని దగ్గర ఉంచానని పైవాళ్ళకి నేనెలా చెప్పుకోను?" అన్నారు.

ఫోర్‌మన్ గారు తన చేతుల వైపు చూసుకున్నారు. "అట్టాగేనండి," అన్నారు.

నాకు మెమో, ఆయనకి ఇల్లు. ఒకే పొరపాటుకి ఇద్దరికీ పడ్డ శిక్షలివి. ఆ మెమో వల్ల నాకు పోయిందేమీ లేదు, రెండేళ్ళ తర్వాత ప్రమోషన్ కూడా వచ్చింది. నిజం రాసినందుకు నేను పశ్చాత్తాపపడటం లేదు. రాసిన నిజం వల్ల జరిగినదానికి మాత్రం ఈ రోజుకీ మనసు కలుక్కుమంటుంది. ఈ రెండూ ఒకేసారి మనిషిలో ఉండగలవని అప్పటిదాకా నాకు తెలియదు. జీఎం గారు చెప్పినదాంట్లోనూ నాకు తప్పు కనిపించలేదు. ఎవరి తప్పూ లేని చోట బాధ ఎవరి మీదికి తోయాలో తెలియక మనమీదే పెట్టుకుంటాం.

దాంతోపాటు మూడు కొత్త రూల్సు వచ్చాయి. కంప్యూటర్ గదిలో పూజ గుమ్మం బయటే చేసుకోవాలి. గదిని ఎట్టి పరిస్థితుల్లోనూ ఖాళీగా వదలకూడదు. ముఖ్యమైన పనులు జరిగేటప్పుడు ఇన్‌ఛార్జి లోపలే ఉండాలి.

ఏడాది ఆఖర్న ఫోర్‌మన్ గారికి శాలువా కప్పారు. ఆయన్ని మాట్లాడమంటే, అందరికీ దండం పెట్టి కూర్చున్నారు. సభ అయ్యాక ఒక కుర్ర ఇంజనీరుని వెంటబెట్టుకుని కొత్త కిల్న్ దగ్గరికి వెళ్ళి, ఏ కేబుల్ ఎటు పోతోందో చీకటిపడేదాకా చూపించారట.

వేసవిలో ఆ కిల్న్ సిద్ధమైంది. తిప్పే రోజు ఖాయం కాగానే పేటలో ఆయన ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని వేపపుల్ల నములుతున్నారు.

"మీరు రావాలి బాబాయి గారూ. జీఎం గారు కూడా రమ్మన్నారు. గేటు దగ్గర పాసు రాయించి ఉంచుతా."

"పాసా?" అన్నారు. కాసేపటికి నవ్వారు. "నా కేబుళ్ళు చూడ్డానికి నేను పాసు రాయించుకోవాలా అమ్మా? వద్దులే. నువ్వు పో."

ఇంకా బతిమాలాల్సింది. ఆయన మొహం చూసి బతిమాలలేకపోయాను.

ఆ రోజు నా సర్వర్లు కొత్త కంట్రోల్ రూముకి లెక్కలు పంపాలి. రూలు ప్రకారం నేను గది వదలకూడదు. అందరూ కిల్న్ దగ్గరికి వెళ్ళారు. సన్నాయి వినిపించింది, కొబ్బరికాయ చప్పుడు వినిపించింది. నేను తెర ముందు కూర్చుని ప్రొఫైళ్ళ పచ్చదీపాలు చూస్తున్నాను. కాసేపటికి సున్నాలున్న గడిలో ఒక అంకె పడింది. బయట ఒక్కసారిగా చప్పట్లు. కిల్న్ కదిలింది. కిటికీ కూడా లేని గది అది. నలభై అడుగులు వేస్తే చూసేదాన్ని. వేయలేదు.

సాయంత్రం చిల్లకల్లులో నందిగామ బస్సు కోసం దిగేసరికి, టీకొట్టు బల్ల మీద ఫోర్‌మన్ గారు కూర్చుని ఉన్నారు. ఉతికిన తెల్ల చొక్కా, నుదుట కుంకుమ. ఎప్పుడొచ్చారో ఏమో, ముందున్న టీ గ్లాసు ఎండిపోయి ఉంది. నన్ను చూడగానే జరిగి చోటిచ్చారు. మొహం వెలిగిపోతోంది.

"కదిలిందా అమ్మా?"

"కదిలింది బాబాయి గారూ. ఒక్క ఆటంకం లేకుండా."

"అది నాకు తెలుసు. ఎట్టా కదిలిందో చెప్పు. మొదటిసారి కదిలేటప్పుడు ఒళ్ళు విరుచుకున్నట్టు ఒక మూలుగు మూలుగుద్ది. ఆ తర్వాత మెల్లగా తిరుగుద్ది. మూలిగిందా? నువ్వు ఏ వైపు నిలబడ్డావ్?"

"నేను చూడలేదు," అన్నాను. "గది వదలకూడదన్నారు కదా. లోపలే ఉన్నాను."

నందిగామ బస్సు వచ్చి ఆగింది. ఆయన నా బ్యాగు తీసి నా చేతికిస్తూ, కోపం ఏమాత్రం లేని గొంతుతో అన్నారు:

"నువ్వన్నా చూసొచ్చి చెబుతావని, మధ్యాహ్నం నుంచి ఇక్కడే కూచున్నానమ్మా."